పెళ్ళికూతురి జుట్టు - అన్సారీ తల్లి అడిగిన ప్రశ్న

హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ప్రకారం, అన్సార్లకు చెందిన ఒక అమ్మాయికి వివాహమయింది. తరువాత ఆమె జబ్బుపడింది. ఆ జబ్బుతో తలవెంట్రుకలు రాలిపోయాయి. ఇంటివారు ఆమె జుట్టుకు వేరే వెంట్రుకలు అతికిద్దామనుకున్నారు. అయితే తమంతట తాముగా నిర్ణయించుకోకుండా దైవప్రవక్త (సఅసం) వారిని అడిగారు. వెంట్రుకలు అతికే స్త్రీని, అతికించుకునే స్త్రీని అల్లాహ్ శపించాడని ఆయన తెలియజేశారు. ఈ హదీసు సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం రెండింటిలోనూ ఉంది.

ఇదే విషయం హజ్రత్ అస్మా బిన్తె అబూబక్ర్ (రజి) ఉల్లేఖనంలో మరికొంత వివరంగా వచ్చింది. అందులో ఆ అమ్మాయి తల్లే స్వయంగా దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చింది. తన కూతురు కొత్త పెళ్ళికూతురనీ, తట్టు పోసి జుట్టు ఊడిపోయిందనీ, వేరే వెంట్రుకలు కలపవచ్చా అనీ అడిగింది. మరో ఉల్లేఖనంలో, అలా చెయ్యమని అల్లుడు తొందరపెడుతున్నాడని కూడా చెప్పుకున్నట్లుంది. కారణం జబ్బు, సందర్భం పెళ్ళి, అడిగేది భర్త. ఇంతకన్నా పెద్ద సాకు ఏముంటుంది? అయినా జవాబు మారలేదు.

పెళ్ళిళ్ళ నెలలు వచ్చాయంటే మా వద్దకు వచ్చే ప్రశ్నలలో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది. నిశ్చితార్థం నాటికి అమ్మాయికి నడుము దాకా జడ ఉంటుంది. మగపెళ్ళివారి ఆడవాళ్ళు ఆ జడ చూసే మెచ్చుకుని వెళతారు. తరువాత టైఫాయిడో డెంగీయో వస్తుంది. లేదా పార్లరులో రంగులు, ఇస్త్రీలు పడి జుట్టు పీచులా తయారవుతుంది. నికాహ్‌కు నెల కూడా ఉండదు. తల్లి కంగారుపడుతుంది, అమ్మాయి తలుపు వేసుకుని ఏడుస్తుంది. బజారుకు వెళ్ళి ఒక మంచి సవరం తెచ్చి కలిపేస్తే ఎవరికి తెలుస్తుందని బంధువులు సలహా ఇస్తారు. అన్సారీ తల్లి ప్రశ్న కూడా అచ్చంగా ఇదే. కాబట్టి ఈ హదీసును ఈ రోజు కాస్త నిదానంగా చదువుకుందాం.

ముందుగా గమనించవలసింది, శాపం (లానత్) అనే మాట మామూలు మందలింపుకు వాడేది కాదు. అల్లాహ్ కారుణ్యానికి దూరం కావడమని దాని అర్థం. ధర్మవేత్తలు దీనిని పెద్ద పాపాల లెక్కలో చేర్చింది ఇందుకే. అతికించుకునే ఆమెతో పాటు అతికే ఆమె పేరు కూడా ఇందులో ఉంది గనుక, ఈ పని చేసి డబ్బు తీసుకునే బ్యూటీషియన్ సోదరీమణులు కూడా ఇది తమకు కాదని అనుకోకూడదు. ఇక భర్త కోరిక మాటంటారా, అల్లాహ్ ఆజ్ఞకు విరుద్ధమైన విషయంలో ఎవరి మాటా చెల్లదు. అల్లుడు తొందరపెడుతున్నాడని ఆ తల్లి చెప్పినా మినహాయింపు దొరకలేదు.

దీని వెనుక ఉన్న కారణాలుగా ధర్మవేత్తలు ముఖ్యంగా రెండు విషయాలు చెప్పారు. మొదటిది మానవుని గౌరవం. ఆదం సంతతికి తాను గౌరవం ప్రసాదించానని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో (బనీ ఇస్రాయీల్ సూరా, 70వ ఆయతు) తెలియజేశాడు. మనిషి శరీరంలోని ఏ భాగమూ అమ్ముకునే సరుకు కాదు. అందుకే హనఫీ ఫిఖహ్ గ్రంథం ‘హిదాయా’ మానవ కేశాల క్రయవిక్రయాలు చెల్లవని స్పష్టంగా పేర్కొంది. మన వీధుల్లోకి వచ్చి, రాలిన వెంట్రుకలు ఇస్తే స్టీలు గిన్నెలు ఇస్తామని కేకలు వేసేవాళ్ళున్నారు. మన ఇళ్ళలోనూ దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చుట్టచుట్టి, గూట్లో దాచి, వాళ్ళకు వేసేవారున్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, చేస్తున్నది మానవ కేశాల వ్యాపారమే. పరాయి పురుషుల చూపు పడకూడని జుట్టు, రాలిన తరువాత మాత్రం వాళ్ళ గోనెసంచిలో పడవచ్చునా? రాలిన వెంట్రుకలను మట్టిలో పూడ్చడం మన పెద్దల పద్ధతి. అదే మంచిది.

రెండవది మోసం. హజ్రత్ ముఆవియా (రజి) హజ్ చేసిన సంవత్సరం మదీనాలో మింబరుపై నిలబడి, ఒక భటుని చేతిలో ఉన్న వెంట్రుకల కుచ్చును తీసుకుని ప్రజలకు చూపారు. మీ పండితులు ఎక్కడున్నారని అడిగారు. దైవప్రవక్త (సఅసం) ఇలాంటి వాటిని వారించారనీ, బనీ ఇస్రాయీల్ స్త్రీలు వీటికి అలవాటుపడినప్పుడే ఆ జాతి నాశనమయిందని చెప్పారనీ గుర్తుచేశారు. ఇదీ బుఖారీలోని హదీసే. లేనిదాన్ని ఉన్నట్లు చూపించి పెళ్ళి కుదుర్చుకోవడం ఎంత చిన్నదైనా మోసమే అవుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక విషయం చెప్పాలి. సవరంలోని వెంట్రుకలు ఇతరులవైతేనే తప్పనీ, తన జుట్టుతో తాను చేయించుకుంటే ఫరవాలేదనీ కొందరు అనుకుంటారు. ఏళ్ళ తరబడి తమ రాలిన వెంట్రుకలనే కూడబెట్టి సవరం కట్టించుకునే అలవాటు మన పల్లెల్లో ఉండేది. అయితే ‘ఫతావా ఆలమ్‌గీరీ’లో మానవ కేశాలు కలపడం హరామ్ అనీ, అవి తనవైనా ఇతరులవైనా ఒకటేననీ ఉంది. కాబట్టి ఈ దారి కూడా మూసుకుపోయినట్లే.

మరి తెరిచి ఉన్న దారులేమిటి? అవి తక్కువేమీ లేవు. అదే ఆలమ్‌గీరీలో స్త్రీ తన జడలలో ఒంటె ఉన్ని వంటిది కలుపుకుంటే దోషం లేదని కూడా ఉంది. హజ్రత్ సయీద్ బిన్ జుబైర్ (రహ్మ) ‘ఖరామిల్’ విషయంలో అభ్యంతరం లేదన్నారని సుననె అబూదావూద్‌లో ఉంది. ఖరామిల్ అంటే జడలో కలిపి అల్లే పట్టు, ఉన్ని దారాలు. ఉర్దూలో మూబాఫ్, పరాందా అని మనం పిలిచేవి ఈ కోవకే వస్తాయి. నల్ల ఊలుతో, పట్టుదారంతో చేసిన జడకుచ్చులు కలిపి అల్లుకుంటే పలచని జడ కూడా నిండుగా కనిపిస్తుంది. అది దారమని చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది గనుక అందులో మోసం లేదు. ఇక నైలాను సవరాల విషయం. అవి మానవ కేశాలు కావు కాబట్టి ఇప్పటి హనఫీ ముఫ్తీలలో చాలామంది వాటిని ఉన్నితో సమానంగా లెక్కించి అనుమతిస్తారు. అయితే స్త్రీ తన తలకు ఏదైనా కలపడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. దాని ఆధారంగా మరికొందరు ధర్మవేత్తలు ఏదీ కలపరాదని చెప్పారు. మా సలహా ఏమిటంటే, అసలు జుట్టా నకిలీదా అని పోల్చుకోలేని నైలాను సవరం కంటే, దారమని తెలిసిపోయే పరాందా ఎంతో మేలు. అనుమానం ఉన్న చోట అడుగు వెయ్యకుండా ఉండటం మనసుకు కూడా నిశ్చింత.

అన్సారీ అమ్మాయి హదీసును మనకు అందజేసిన హజ్రత్ ఆయిషా (రజి) కు స్వయంగా ఈ బాధ తెలుసు. హిజ్రత్ చేసి మదీనా వచ్చిన కొత్తలో తనకు జ్వరం వచ్చి జుట్టు రాలిపోయిందనీ, తరువాత మళ్ళీ భుజాల దాకా పెరిగిందనీ ఆమే చెప్పారు. బుఖారీలో ఉన్న ఈ మాట, జుట్టు రాలిందని కుమిలిపోతున్న అమ్మాయిలకు తప్పక వినిపించాలి. వైద్యులు చెప్పేదీ ఇదే. తీవ్రమైన జ్వరం, ఆపరేషన్, కాన్పు వంటివి జరిగిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. జ్వరం ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది గనుక కారణం అదేనని ఇంట్లో ఎవరికీ తట్టదు. దిష్టి తగిలిందనుకుంటారు, తావీజుల కోసం తిరుగుతారు. నిజానికి వెంట్రుక కుదుళ్ళు చెడిపోవు, విశ్రాంతిలోకి వెళతాయంతే. రాలడం కొద్ది నెలల్లో తగ్గుతుంది, కొత్త వెంట్రుకలు వస్తాయి. పెళ్ళికి సన్నబడాలని తిండి మానేసే అమ్మాయిలకూ ఇలాగే రాలుతుంది. అన్నం మాన్పించి షాంపూలు మార్చితే ప్రయోజనమేముంది?

జుట్టు కావాలని కోరుకోవడం తప్పు కాదు. బనీ ఇస్రాయీల్‌లోని కుష్ఠురోగి, బట్టతలవాడు, అంధుడు అనే ముగ్గురి హదీసు మనకు తెలిసిందే. నీకేది ఇష్టమని దైవదూత అడిగితే, బట్టతలవాడు అందమైన జుట్టునే కోరుకున్నాడు. అల్లాహ్ ప్రసాదించాడు. (తరువాత అతను కృతఘ్నుడై దాన్ని పోగొట్టుకున్నాడు, అది వేరే పాఠం.) పోయిన జుట్టు తిరిగి రావడానికి వైద్యం చేయించుకోవచ్చని ధర్మవేత్తలు దీని నుంచి కూడా గ్రహించారు. కాబట్టి రాలడం మూడు నెలలు దాటినా, తలలో గుండ్రంగా మచ్చలు పడినట్లు ఊడినా చర్మవ్యాధుల డాక్టరుకు చూపించాలి. రక్తం తక్కువగా ఉండటం, థైరాయిడ్ వంటివి మన ఆడపిల్లల్లో మామూలే. ఒక రక్తపరీక్షతో తేలిపోయే విషయానికి పది రకాల నూనెలు కొనడమెందుకు?

ఇక రాలకుండా పాడైపోయిన జుట్టు సంగతి చూద్దాం. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ లెక్కన నడుము దాకా ఉన్న జడ చివర నాలుగైదేళ్ళ కిందట పుట్టిందన్నమాట. అన్నేళ్ళ ఎండ, సబ్బు, దువ్వెన దెబ్బలు దాని మీద ఉన్నాయి. తల బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు గనుక గాయం మానినట్లు అది మానదు. చిట్లిన చివర ఏ క్రీము రాసినా అతుక్కోదు, పైపైన మెత్తబడుతుందంతే. అలా వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. అంటే కత్తిరించడం ఒక్కటే దారి. ఇక్కడే మన తల్లులు జంకుతారు. ఆడపిల్ల జుట్టుకు కత్తెర తగలకూడదని విని ఉంటారు. షరీఅత్ వారించింది స్త్రీ తల గొరిగించుకోవడాన్ని, పురుషులను పోలేలా కత్తిరించుకోవడాన్ని. హనఫీ గ్రంథాల్లో అకారణంగా జుట్టు కత్తిరించుకోవడం కూడా తప్పుగానే ఉంది. అయితే చిట్లిన కొనలను జుట్టు బాగుపడటం కోసం కొద్దిగా తీసివేయడంలో దోషం లేదని మన ముఫ్తీలు చెబుతారు. దైవప్రవక్త (సఅసం) పవిత్ర సతీమణులు తమ జుట్టును చెవుల దాకా తగ్గించుకునేవారని సహీహ్ ముస్లింలో ఒక ఉల్లేఖనం ఉంది. స్త్రీలు జుట్టు తగ్గించుకోవచ్చని ఇమామ్ నవవీ (రహ్మ) దాని నుంచి గ్రహించారు. మనం అడుగుతున్నది రెండు మూడు అంగుళాల మాట. ఇంట్లోనే అక్కయ్యో పిన్నమ్మో పదునైన కత్తెరతో ఈ పని చెయ్యవచ్చు. పురుషులు పనిచేసే సెలూన్లకు అమ్మాయిని తీసుకువెళ్ళే ప్రసక్తే లేదు.

జుట్టు ఉన్నవారు దాన్ని గౌరవంగా చూసుకోవాలని దైవప్రవక్త (సఅసం) తాకీదు చేసినట్లు అబూదావూద్‌లో ఉంది. ప్రయాణం నుంచి రాత్రివేళ తిరిగివచ్చిన సహచరులను, చెదిరిన జుట్టుతో ఉన్న భార్యలు దువ్వుకునే వీలు కలిగేలా, ఒక్కసారిగా ఇంట్లోకి వెళ్ళవద్దన్నారు. ఆలివ్ నూనెను తినమని, ఒంటికి రాసుకోమని కూడా చెప్పారు. మన ఇళ్ళలో సులభంగా దొరికే కొబ్బరినూనె కూడా తక్కువది కాదు. అది వెంట్రుక లోపలికి ఇంకి, తలంటు వల్ల జరిగే నష్టాన్ని తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. తలంటుకు ముందు రాత్రి పట్టించి, ఉదయం కడుక్కోవడం మంచి పద్ధతి. తడి వెంట్రుక బలహీనంగా ఉంటుంది కాబట్టి తడిమీద సన్నపళ్ళ దువ్వెన పెట్టకూడదు. వెడల్పు పళ్ళ దువ్వెనతో ముందు కొనలు, తరువాత నడుమ, చివరికి కుదుళ్ళ నుంచి, ఇలా చిక్కు తీయాలి. బోరునీళ్ళు ఉప్పగా, సబ్బు నురగ రాకుండా ఉండే ఊళ్ళలో చివరి రెండు చెంబులైనా మంచినీళ్ళతో పోసుకుంటే జుట్టు గరుకుదనం తగ్గుతుంది. మూడు నెలలు ఇలా చూసుకుంటే, పొడవు కాస్త తగ్గినా జడకు నిగనిగలు వస్తాయి.

రంగుల గురించి ఒక్క మాట. అసలైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నల్లగా పండే ‘బ్లాక్ మెహందీ’లో పారాఫినైలిన్ డయమైన్ అనే రసాయనం కలుపుతారు. అది కొందరికి తల మీద, మొహం మీద బొబ్బలు లేపుతుంది. మాంజాకు ముందు రోజు దాన్ని తలకు పట్టించి పెళ్ళిపీట మీద వాచిన కళ్ళతో కూర్చోవడం ఎవరికి ఇష్టం?

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్తపడవలసింది పార్లర్లలో చేసే స్మూతెనింగ్, కెరటిన్ పనుల విషయంలో. అవి జుట్టును కొన్నాళ్ళు నున్నగా చూపిస్తాయి, నిజమే. అయితే వాటిలో చాలా మందులను వేడిచేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది. దాని వల్ల కళ్ళు, గొంతు మండుతాయి. దాన్ని క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లోనే నిర్ణయించింది. ఇది ఆరోగ్యం మాట. ధర్మం మాట ఇంకొకటుంది. కెరటిన్ చేశాక సాధారణంగా మూడు రోజుల పాటు తల తడపవద్దంటారు. నికాహ్‌కు ముందు రోజు ఇది చేయించుకున్న అమ్మాయి మరునాడు గుస్ల్ ఎలా చేస్తుంది? వేలకు వేలు పోశాం, తల తడిపితే పోతుందని అత్తింట్లో మొదటి ఫజర్ నమాజునే వదిలేసిన వారున్నారని విన్నాం. పార్లరు నియమం కోసం విధి అయిన స్నానాన్ని వాయిదా వేసే అనుమతి లేదు. చేయించుకోవాలనే పట్టుదల ఉంటే, అదీ హానిలేని మందని రూఢి చేసుకున్నాక, పెళ్ళికి రెండు మూడు వారాల ముందే, స్నానం విధికాని రోజులు చూసుకుని ముగించుకోవాలి.

గుస్ల్ విషయంలో షరీఅత్ స్త్రీకి ఎంత సౌలభ్యం ఇచ్చిందో చూడండి. తాను జడలు గట్టిగా అల్లుకుంటాననీ, జనాబత్ స్నానానికి వాటిని విప్పాలా అనీ హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అడిగారు. అక్కరలేదని, మూడు దోసిళ్ళ నీరు తలపై పోసుకుంటే చాలని దైవప్రవక్త (సఅసం) చెప్పారు. ఒక సహచరుడు స్త్రీలను జడలు విప్పి స్నానం చెయ్యమంటున్నారని తెలిసినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఆశ్చర్యపోయి, అయితే ఏకంగా తలలు గొరిగించుకోమని చెప్పరాదా అన్నారు. జడ విప్పనక్కరలేదు, కాని కుదుళ్ళు తడవాలి. గమ్‌తో అతికించే జుట్టులో వచ్చే చిక్కు ఇదే. అతికిన చోట కుదుళ్ళకు నీరు చేరకపోతే గుస్ల్ నెరవేరదు, గుస్ల్ లేనిదే నమాజు లేదు. అంటే నైలానుదైనా సరే, నెలల తరబడి గమ్‌తో అంటించి ఉంచేది పనికిరాదు.

అత్తింటివారి సంగతి మిగిలింది. నిశ్చితార్థం నాటి జడ ఇప్పుడు లేదని వారికి ముందే తెలియజేయడం మేలు. అమ్మాయి చేత చెప్పించవద్దు. తల్లి వెళ్ళి కాబోయే వియ్యపురాలితో, “వదినగారూ, పిల్లకు జ్వరం వచ్చి జుట్టు రాలింది, డాక్టరుకు చూపించాం, మళ్ళీ వస్తుందన్నారు” అని రెండు మాటల్లో చెబితే సరిపోతుంది. ఇందులో తలదించుకోవలసిందేమీ లేదు. దీనికే సంబంధం వద్దనేవారు ఎవరైనా ఉంటే, ఆ విషయం నికాహ్‌కు ముందే తెలియడం అమ్మాయికి మేలు. ఇక మగపెళ్ళివారి ఇంటి పెద్దలకు మా విన్నపం, కబురు విన్న వెంటనే ఆ పిల్లకు ధైర్యం చెప్పి పంపండి. మీ ఇంట్లోనూ ఆడపిల్లలున్నారు.

పెళ్ళిరోజున నికాహ్ అసర్ తరువాత అయితే, అలంకరణ మధ్యలో అసర్, మగ్రిబ్ నమాజులు పోతుంటాయి. అలంకరణకు ముందే వుజూ చేసి ఉంచుకోవాలి. మధ్యలో పోతే మళ్ళీ చేసుకోవాలి కదా. హనఫీ ఫిఖహ్ ప్రకారం తలలో నాలుగో వంతు మసహ్ ఫర్జ్. అది తల మీదే జరగాలి, వెనుక వేలాడే జడ మీదో పరాందా మీదో తడిచెయ్యి పెడితే కాదు. పూలజడ, పిన్నులు నడినెత్తిని పూర్తిగా కప్పేలా వేస్తే మసహ్‌కు చోటు ఉండదు. బరువుకు బలహీనమైన వెంట్రుకలు కుదుళ్ళతో సహా ఊడి వస్తాయి కూడా. పాపిట బిళ్ళకు అటూ ఇటూ అరచెయ్యి ఆనేంత చోటు వదిలి, పూలు తేలికగా పెట్టమని జడ వేసే ఆమెకు ముందు రోజే చెప్పి ఉంచండి.